పండుగల వెలుగులో సువార్తలు: పది వారాల ఆన్‌లైన్ తరగతిపై నా అభిప్రాయం

సండేస్కూలులో ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నప్పటికీ యూదుల పండుగలన్నిటినీ వరుసగా చెప్పే లేవీయకాండము 23వ అధ్యాయాన్ని నేను పిల్లల చేత ఒక్కసారి కూడా చివరిదాకా చదివించలేదు. ఐగుప్తు దాస్యం నుంచి విడుదలను తలచుకునే పస్కాతో మొదలుపెట్టి, పెంతెకొస్తు రాగానే ఆపి, ఏడవ నెలలో వచ్చే పండుగలు మనకు సంబంధించినవి కావన్నట్టుగా దాటవేసేవాణ్ణి. క్రైస్తవ విశ్వాసానికి యూదు మూలాలను లేఖనాల ద్వారా, పండుగల ద్వారా తెలుగులో నేర్పుతామన్న ప్రకటన చూసి ఈ తరగతిలో చేరడానికి ఆ లోటే కారణం. పది వారాలు, శనివారం రాత్రి ఏడున్నర నుంచి గంటన్నర పాఠం, రుసుము 2,500 రూపాయలు. విశ్రాంతిదినం సూర్యాస్తమయంతో ముగుస్తుంది గనుక ఆ వేళను ఎంచుకున్నామని మొదటి రోజే చెప్పారు. తక్కిన రోజుల్లో ఉద్యోగస్థులకు తీరిక ఉండదన్నది అసలు కారణమై ఉంటుందని నా అనుమానం.

తరగతికి ప్రాణం ఆ ఏడవ నెలలోనే వచ్చే పర్ణశాలల పండుగ మీద జరిగిన రెండు పాఠాలు. యోహాను 7వ అధ్యాయంలో ‘ఆ పండుగలో మహాదినమైన అంత్యదినమున’ యేసు నిలిచి, దప్పిగొన్నవారిని తన యొద్దకు రమ్మని పిలిచిన సంగతి మనకు కంఠతా వచ్చు. కాని నీళ్ల మాట ఆ రోజునే ఎందుకు వచ్చిందని నేను ఎన్నడూ ఆలోచించలేదు. ఆ పండుగ రోజుల్లో యాజకుడు సిలోయము కోనేటి నుంచి బంగారు పాత్రలో నీళ్లు తెచ్చి బలిపీఠం మీద పోసేవాడని, స్త్రీల ఆవరణంలో ఎత్తైన దీపస్తంభాలు వెలిగించేవారని, దాదాపు క్రీ.శ. 200 నాటికి కూర్చిన, యూదు బోధకులైన రబ్బీల ఉపదేశాల సంకలనం మిష్నా చెబుతుంది. ఎండాకాలం గడిచి తొలి వానల కోసం ఆకాశం వైపు చూసే రోజులవి. మెట్ట పొలం ఉన్న ఇంట్లో పుట్టినవాడికి ఆ నీళ్ల విలువ వేరే చెప్పనక్కరలేదు. 8వ అధ్యాయం మొదట్లో ఉన్న వ్యభిచారమందు పట్టబడిన స్త్రీ వృత్తాంతం అతి పురాతన ప్రతులలో కనబడదు గనుక, దాన్ని పక్కన పెట్టి చదివితే ‘నేను లోకమునకు వెలుగును’ అన్న మాట నేరుగా ఆ పండుగ వాతావరణంలోకే వచ్చి పడుతుందని బోధకుడు చూపించినప్పుడు, ఆ రాత్రి నేను రెండు అధ్యాయాలనూ మళ్లీ మొదటి నుంచి చదివాను. 2004లో మురుగు గొట్టం పనుల కోసం తవ్వుతుండగా బయటపడిన సిలోయము కోనేటి మెట్ల చిత్రాలు కూడా చూపించారు.

మన బైబిలులోని మాటల విషయంలోనూ బోధకుడు చక్కని శ్రద్ధ చూపారు. రక్తస్రావం గల స్త్రీ ముట్టుకున్న ‘వస్త్రపు చెంగు’ అనగానే మనకు చీర చెంగో, పంచె చెంగో మనసులో మెదులుతుంది. అక్కడి గ్రీకు మాట మాత్రం, సంఖ్యాకాండము 15వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు బట్టల అంచులకు కట్టుకోవలసిన ‘కుచ్చుల’కు పాత గ్రీకు అనువాదం వాడినదే. అలాగే ‘రక్షరేకులు’ అన్న మాట విని తాయత్తులని అనుకునేవాళ్లం. అవి ధర్మశాస్త్ర వాక్యాలు రాసిన చర్మపు పెట్టెలని, ప్రార్థన వేళ నుదుటికీ చేతికీ కట్టుకుంటారని తెలిశాక వాటిని వెడల్పుగా చేసుకుంటారని పరిసయ్యుల మీద యేసు చేసిన విమర్శ ఎవరికి, ఎందుకు తగిలిందో అర్థమైంది. పంచాంగం గురించిన పాఠం మన ఇళ్లకు మరీ దగ్గరది. చంద్రుణ్ణి బట్టి నెలలు లెక్కించి, ఋతువులతో తేడా రాకుండా 19 ఏళ్లలో ఏడుసార్లు అదనపు నెల చేర్చే యూదుల పద్ధతి, అధికమాసం తెలిసిన తెలుగువాడికి కొత్తగా తోచదు. పస్కా ఎప్పుడూ పౌర్ణమి వేళకే వస్తుంది గనుక యేసును పట్టుకున్న గెత్సేమనే తోటలోని ఆ రాత్రి చంద్రుడు నిండుగా ఉన్న రాత్రి. మా సంఘంలో వేసే గుడ్ ఫ్రైడే నాటకంలో మాత్రం ఆ ఘట్టానికి దీపాలన్నీ ఆర్పేస్తారు.

పస్కా పాఠాల దగ్గరికి వచ్చేసరికి నా మెప్పు సగానికి తగ్గుతుంది. మొదటి సగం నిజాయితీగా సాగింది. యేసు శిష్యులతో చేసిన కడరాత్రి భోజనం పస్కా భోజనమేనని మొదటి మూడు సువార్తలు చెబుతుండగా, యేసును సిలువకు అప్పగించిన రోజు ‘పస్కాను సిద్ధపరచు దినము’ అని యోహాను 19:14 చెబుతున్నదన్న చిక్కును దాచకుండా ముందు పెట్టారు. విద్వాంసుల సమాధానాలను వివరించి, ఏదీ తేలిపోయిందని అనలేదు. రెండో సగంలో ఆ జాగ్రత్త అంతా జారిపోయింది. ఈనాటి యూదుల ఇళ్లలో జరిగే పస్కా విందును యథాతథంగా ఆ కడరాత్రి భోజనం జరిగిన మేడగదిలోకి తీసుకెళ్లి, మూడు పొంగని రొట్టెలలో మధ్యదాన్ని విరిచి దాచే ఆచారం త్రిత్వానికి గుర్తని, రొట్టె మీది చారలూ రంధ్రాలూ యెషయా 53వ అధ్యాయంలోని గాయాలకు గుర్తని బోధించారు. ఆలయం నిలిచి ఉన్నంతకాలం పస్కాకు కేంద్రం అక్కడ వధించిన గొర్రెపిల్ల. క్రీ.శ. 70లో రోమీయులు ఆలయాన్ని కూల్చిన తరువాత, గొర్రెపిల్ల లేని పస్కాను ఎలా ఆచరించాలన్న ప్రశ్నకు సమాధానంగా రబ్బీలు ఆ ఇంటి విందును మెల్లమెల్లగా తీర్చిదిద్దారు; మూడు రొట్టెల ఆచారం ఇంకా తరువాతిది. రొట్టెకు రంధ్రాలు పొడిచేది అది కాలేటప్పుడు పొంగకుండా ఉండడానికే. మత్తయి 26:30లో శిష్యులు కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లారన్న వాక్యం ఉండనే ఉంది, పస్కా వేళ పాడే 113 నుంచి 118 వరకు గల కీర్తనలూ ఉన్నాయి. గట్టి ఆధారం చేతిలో ఉండగా రొట్టె చారల మీద అరగంట ఎందుకు గడిపారో నాకు అంతుబట్టలేదు.

ప్రాయశ్చిత్త దినపు పాఠంలోనూ ఇదే ధోరణి కనిపించింది. అపొస్తలుల కార్యములు 27:9లో ‘ఉపవాసదినము’, అంటే ఈ ప్రాయశ్చిత్త దినమే, గడిచిపోయిందని లూకా రాయడం సముద్ర ప్రయాణం ప్రమాదకరమయ్యే కాలానికి గుర్తని చెప్పిన అదే నోటితో, ఆ రోజున ప్రధానయాజకుడు ఆలయంలోని అతిపరిశుద్ధస్థలంలో చనిపోతే లాగడానికి కాలికి తాడు కట్టేవారని కూడా చెప్పారు. మన ఉజ్జీవ సభల్లో తరచూ వినబడే ఈ కథకు బైబిలులో గాని, మిష్నాలో గాని ఆధారం లేదు. అది మధ్యయుగాల నాటి గ్రంథాలలోనే కనబడుతుంది. ప్రశ్నల సమయంలో ఈ సంగతి అడిగితే ‘సంప్రదాయం అలా చెబుతుంది’ అన్న జవాబు వచ్చింది.

చివరి వారం విజయవాడలో ఒక హాలులో పస్కా భోజనం ఏర్పాటు చేసి, మనిషికి 350 రూపాయలు విడిగా తీసుకున్నారు. పొంగని రొట్టెకు బదులు పుల్కాలు పెట్టడం నాకు నచ్చింది, పిండీ నీళ్లూ తప్ప అందులో వేరేదేమీ లేదు గదా. చేదుకూరలకు మెంతికూర, కాకరకాయ వేపుడు పెట్టారు. వేపుడు ఎంత బాగుందంటే ఐగుప్తు దాస్యం ఎవరికీ గుర్తు రాలేదు. అయితే ఇప్పటికీ ఈ పండుగను ఆచరించే మనుషులు ఉన్నారన్న స్పృహ ఆ సభలో లోపించింది. ‘వాళ్లు తమ పండుగ అర్థం తెలియకుండా చేసుకుంటున్నారు’ అన్న మాట వేదిక మీది నుంచి రెండుసార్లు వినబడింది. అడవి ఒలీవ కొమ్మ (యూదులు కాని విశ్వాసి) అసలు కొమ్మల (యూదుల) మీద అతిశయపడకూడదని రోమా 11వ అధ్యాయంలో పౌలు రాసిన హెచ్చరికను అంతకు నెల ముందే ఈ బోధకుడే మా చేత చదివించాడు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తమను ఇశ్రాయేలు గోత్రాలలో ఒకటైన ఎఫ్రాయిము సంతతిగా చెప్పుకుంటూ యూదు పండుగలు ఆచరించే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. కారులో గంటన్నర దూరంలో ఉన్న వాళ్ల ప్రస్తావన పది వారాల్లో ఒక్కసారైనా రాలేదు.

ఇచ్చిన నోట్సులో హెబ్రీ మాటల తెలుగు ఉచ్చారణ పుటకొక తీరుగా ఉంది. ఒకచోట ‘షోఫర్’, మరోచోట ‘సోఫార్’, ఇంకోచోట ఉత్త ‘బూర’. వీడియోలు నెల రోజులే అందుబాటులో ఉంటాయి గనుక పర్ణశాలల పాఠాలు రెండింటినీ ముందుగా చూసి రాసుకోవడం మంచిది. ఆలయ ప్రతిష్ఠిత పండుగకు పది నిమిషాలే కేటాయించారు. ఆ పండుగకు మూలమైన, క్రీ.పూ. 164లో ఆలయాన్ని శుద్ధిచేసి తిరిగి ప్రతిష్ఠించిన సంఘటన మక్కబీయుల గ్రంథాలలో ఉన్నది, ప్రొటెస్టెంటు బైబిలులో అవి లేవు గనుక మావంటి వాళ్లకు ఆ పాఠమే ఎక్కువ అవసరం. బైబిలు పక్కన పెట్టుకుని, విన్న ప్రతి మాటకూ ‘ఇది ఏ కాలపు ఆచారం’ అని అడగగల ఓపిక ఉన్నవారికి 2,500 రూపాయలు ఎక్కువ కాదు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారిని మాత్రం పస్కా పాఠాలు సరిదిద్దేవరకు నేను పంపను. రోజువారీ ప్రార్థనలపై రెండో భాగం మొదలుపెడుతున్నారని సందేశం వచ్చింది. తాడు కథను నోట్సులోంచి తీసేశారా అని అడిగాను, జవాబు రాలేదు, డబ్బు ఇంకా కట్టలేదు.