సాక్స్‌తో ఆరేళ్లు: తప్పెటగుళ్ల రికార్డింగులకు ఎంతవరకు పనికొచ్చింది

విజయనగరం చుట్టుపక్కల ఊళ్లలో తప్పెటగుళ్లు, జముకుల కథలు రికార్డు చేస్తుంటాను. ఒక రాత్రి కూర్చుంటే ముప్పై నలభై వేవ్ ఫైళ్లు పోగవుతాయి. మొదట్లో ఒక్కోదాన్నీ ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రాంలో తెరిచి, రొద తీసి, ఎంపీ3 చేసేవాణ్ని. ఆదివారం మొత్తం దానికే పోయేది. ఆరేళ్లుగా ఆ పని సాక్స్ (SoX) అనే, టైపు చేసిన ఆదేశాలతో నడిచే ఆడియో ప్రోగ్రాంకి అప్పజెప్పాను. ఆదేశాలన్నీ వరసగా రాసిపెట్టిన చిన్న షెల్ స్క్రిప్ట్ నడిపి టీ తాగొచ్చేసరికి ఫోల్డరంతా అయిపోతుంది.

సాక్స్ పాతది. 1991లో మొదలైంది. నేను వాడే 14.4.2 వెర్షన్ 2015లో వచ్చింది. దీనికి కిటికీలు, బటన్లు ఉండవు. ఇన్‌పుట్ ఫైలు, అవుట్‌పుట్ ఫైలు, తర్వాత ఎఫెక్టుల పేర్లు రాయాలి. రాసిన వరసలోనే అవి నడుస్తాయి. నా వరస ఇది: గాలి గుభగుభలకు హైపాస్ 80 (80 హెర్ట్జ్ కంటే కింది శబ్దాలను తగ్గిస్తుంది), రొదకు నాయిస్‌రెడ్, అన్నిటికంటే చివర నార్మ్ -1 (అన్నిటికంటే పెద్ద శబ్దాన్ని -1 డెసిబెల్ దగ్గరికి తెస్తుంది).

అసలు కష్టం నాయిస్‌రెడ్‌తోనే. రికార్డింగు మొదలవగానే పది సెకన్లు అందరినీ ఊరుకోమంటాను. ఆ ముక్కను నాయిస్‌ప్రాఫ్‌కి ఇస్తే, అక్కడి రొద ఎలాంటిదో ఒక ఫైల్లో రాసిపెడుతుంది. నాయిస్‌రెడ్ దాన్ని చూసుకుని పాటలోని రొద తీసేస్తుంది. ఎంత గట్టిగా తీయాలో సున్నాకీ ఒకటికీ మధ్య అంకెతో చెప్పాలి. చెప్పకపోతే 0.5 అనుకుంటుంది. నేను చెప్పలేదు.

ఆ ఫైళ్లను బృందంలో పెద్దాయనకు వినిపించాను. గొంతు శుభ్రంగా ఉంది, గుండె మీద తప్పెట మోత ఖణేల్మంటోంది. ఆయన కళ్లు మూసుకుని కాసేపు విని, "గజ్జెలు ఏటయిపోనాయిరా బాబూ? అడుగెలా తెలుస్తాది?" అన్నారు. హెడ్‌ఫోన్ పెట్టుకుని మళ్లీ విన్నాను. కాలి గజ్జెల సన్నటి చప్పుడు కూడా రొదలాగే పై శ్రుతుల్లో పరుచుకుని ఉంటుంది. రెండూ కలిసి తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలింది నీళ్లలో గవ్వలు కదిపినట్టుంది.

ఇప్పుడు 0.15 దాటను. ప్రతి బృందానికీ ఒక నిమిషం ముక్కను మూడు అంకెలతో చేసి, మూడూ విన్నాకే ఫోల్డరంతా చేసే స్క్రిప్టు నడుపుతాను.

ఒకసారి ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ ఒకే పేరు ఇచ్చేశాను. సాక్స్ అడగకుండానే పాత ఫైలు మీద రాసేస్తుంది. జముకుల కథ రెండో భాగం పోయింది. మళ్లీ వెళ్లి బతిమాలి చెప్పించుకున్నాను గానీ, ఆ రాత్రి ఊపు రాలేదు. అప్పటినుంచి అసలు ఫైళ్లన్నీ రాయడానికి వీల్లేని ఫోల్డర్లో ఉంటాయి.

విండోస్‌లో తెలుగు పేర్లున్న ఫైళ్లు తెరుచుకోక చాలా టెన్షన్ పెట్టాయి, ఉబుంటుకి మారాక ఆ బాధ లేదు. అన్ని పాటలూ చెవికి ఒకే స్థాయిలో వినిపించాలంటే నార్మ్ చాలదు, అది శిఖరాన్ని మాత్రమే చూస్తుంది. అందుకు ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే మరో ప్రోగ్రాంలోని లౌడ్‌నార్మ్ వాడతాను. ఆడాసిటీని కూడా స్క్రిప్టుతో నడపొచ్చు, కానీ దాని కిటికీ తెరిచే ఉంచాలి. రాత్రంతా నడిచే పనికి అది నాకు కుదరలేదు.

నిశ్శబ్దంగా ఉన్న చోట్లను కోసేసే సైలెన్స్ ఎఫెక్టును మాత్రం స్క్రిప్టులోంచి పూర్తిగా తీసేశాను. కథ చెప్పేవారు గొంతు తగ్గించి, జనాన్ని చూస్తూ ఆగే చోటును అది ఖాళీ అనుకుని కోసేసింది. రికార్డింగుల చివర్లు ఇప్పటికీ ఆడాసిటీలో వింటూ చేత్తోనే కత్తిరిస్తున్నాను.