"సీల్ తీయలేదు" అన్న మాట నమ్మి పాత ఫిగర్ కొనకండి: నాకు జరిగింది చదవండి

ఫాంటసీ సినిమాల్లోని వీరనారి ఫిగర్లు, అందులోనూ కవచం, పొడవాటి అంగీ, బూట్లు ఉన్న 1/6 స్కేల్ ఫిగర్లు (అసలు మనిషి ఎత్తులో ఆరో వంతు ఉండే, దాచుకునే బొమ్మలు) వేరేవాళ్ళ దగ్గర కొనాలనుకుంటున్నవాళ్ళు డబ్బు పంపే ముందు ఇది చదవండి. తయారీ ఆగిపోయిన ఫిగర్ కోసం ఏళ్ళ తరబడి వెతుకుతున్నవాళ్ళయితే మరీ ముఖ్యం. మన ఆత్రం మనకంటే అమ్మేవాళ్ళకే బాగా తెలుసు.

నేను కొన్నది కవచం తొడుక్కుని యుద్ధంలోకి దిగే ఒక రాకుమారి ఫిగర్. పాత్ర పేరు, తయారు చేసిన కంపెనీ పేరు రాయడం లేదు. నా బాధ ఆ బొమ్మ చేసినవాళ్ళ గురించి కాదు, దాన్ని నాకు అమ్మిన తీరు గురించి. వచ్చిన కొత్తలో కొనలేకపోయాను. తర్వాత ఎక్కడా దొరకలేదు. అందుకే "సీల్ తీయలేదు, మింట్ కండిషన్" (అంటే కొత్తదానిలా మచ్చలేకుండా ఉందని) అన్న ప్రకటన కనపడగానే వేరే ఎవరైనా ఎగరేసుకుపోతారేమోనన్న టెన్షన్‌లో అదే రోజు డబ్బు పంపేశాను.

ప్రకటనలో ఆరు ఫొటోలు ఉన్నాయి. రెండు పెట్టెవి. మిగిలిన నాలుగూ కంపెనీ విడుదల చేసిన ప్రచార ఫొటోలు. అక్కడే నేను ఆగాల్సింది. ప్రచార ఫొటోల్లో కనపడేది సాధారణంగా ప్రోటోటైప్, చేత్తో శ్రద్ధగా రంగులు వేసిన నమూనా. అసలు సరుకు కొంత వేరుగా ఉండవచ్చని కంపెనీలే చిన్న అక్షరాల్లో రాస్తాయి. నా చేతికి రాబోయే బొమ్మ ఫొటో ఆ ఆరింటిలో ఒక్కటి కూడా లేదు.

పార్సిల్ వచ్చాక ఇంకో తప్పు చేశాను. అద్దాల అలమారా సిద్ధమయ్యాక తెరుద్దామని ఐదు వారాలు అలాగే ఉంచాను. సీల్ ఉంది కదా, లోపల ఏమవుతుందిలే అనుకున్నాను. తెరిచేసరికి ఫిర్యాదు చేసే గడువు దాటిపోయింది.

మూత తీయగానే ఘాటైన వాసన కొట్టింది. ప్లాస్టిక్ ట్రే ఎత్తితే అడుగున గోధుమరంగు పొట్టు. ఛాతీ కవచం పట్టీలు, నడుముకున్న బెల్టు, బూట్ల మడతలు అన్నీ పాత రెగ్జిన్ సోఫా లేచిపోయినట్టు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతున్నాయి. వేలితో తాకితే చాలు, పైపొర రాలిపోయి కింద గుడ్డ నేత కనపడుతోంది.

దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, చాలామంది మోసపోయేది ఇక్కడే. ఇంత చిన్న స్కేల్‌లో అసలు తోలు మందంగా, మొరటుగా కనపడుతుంది. అందుకని ఎక్కువగా గుడ్డ మీద పాలీయూరితేన్ పూత వేసిన కృత్రిమ తోలు వాడతారు. గాలిలో ఉండే తేమ ఆ పూతను లోపలి నుంచి మెల్లగా విడగొడుతుంది. హైడ్రాలిసిస్ అంటారు. వేడి, తేమ ఎక్కువైన కొద్దీ అది వేగంగా జరుగుతుంది. బొమ్మను ఎవరూ ముట్టుకోకపోయినా జరుగుతుంది, పెట్టెలో ఉన్నా జరుగుతుంది. కాబట్టి పాత ఫిగర్ విషయంలో "తెరవలేదు" అంటే "బాగుంది" అని అర్థం కాదు, "లోపల ఎలా ఉందో ఎవరూ చూడలేదు" అని అర్థం. ఒకసారి మొదలైన ఈ పాడును తిరిగి బాగుచేయలేం. జిగురు పెట్టి కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు, అంతే. తెరిచి, పొడి గాలిలో జాగ్రత్తగా ఉంచి, దగ్గర నుంచి తీసిన ఫొటోలు పంపే మనిషి దగ్గర కొనడమే నయమని ఇప్పుడు నా గట్టి అభిప్రాయం.

ఇక ఆ సీల్ సంగతి. ఈ తరహా పెట్టెలు చాలావాటికి బయట ఫ్యాక్టరీ సీల్ అంటూ ఉండదు. పైన అట్ట తొడుగు, లోపల మూత, దాని కింద ట్రే. ట్రే అంచులకు చిన్న టేపు ముక్కలు ఉంటాయి. నాకు వచ్చిన పెట్టె అంచులు పసుపుపచ్చబడ్డాయి గానీ, టేపు మాత్రం నిన్ననే వేసినంత తెల్లగా ఉంది. అది చూశాకే బొమ్మ తల మీద అనుమానం వచ్చింది.

తల అసలుది కాదు. రీకాస్ట్, అంటే అసలు తల నుంచి అచ్చు తీసి మళ్ళీ పోసిన నకలు. ఇది పట్టుకోవడం కష్టమే, అయినా గుర్తులున్నాయి. అచ్చు నుంచి అచ్చు తీసినప్పుడు పరిమాణం కాస్త తగ్గుతుంది, సన్నని గీతలు మొద్దుబారతాయి. ముక్కుపుటాలు, చెవి మడతలు, జడలోని పాయలు చూడండి. అసలు తలలో ఒక్కో పాయ విడిగా తెలుస్తుంది, నాదాంట్లో అన్నీ కలిసిపోయి మైనం కరిగినట్టున్నాయి. గడ్డం కింద సూదిమొనంత గుంటలు రెండు ఉన్నాయి, పోతపోసేటప్పుడు ఇరుక్కున్న గాలి బుడగల గుర్తులవి. మెడ దగ్గర తల వదులుగా ఊగుతోంది. కళ్ళు కూడా తేడాగా ఉన్నాయి: ఎడమ కన్ను సూటిగా చూస్తుంటే కుడి కన్ను కొంచెం పైకి చూస్తోంది. సినిమాలో ఆ పాత్ర ముఖంలో భయం, పట్టుదల రెండూ ఒకేసారి కనపడే ఒక చూపు ఉంటుంది. ఆ చూపు కోసమే నేను ఈ ఫిగర్ కావాలనుకున్నాను. అదే లేదు.

శరీరం కూడా అంతంత మాత్రమే. నల్లటి అంగీ రంగు దిగి మెడ, భుజాల మీద నీలి మచ్చలు పడ్డాయి. ముదురు గుడ్డ ఏళ్ళ తరబడి లేత రంగు ప్లాస్టిక్‌కు ఆనుకుని ఉంటే ఇలా అవుతుంది, కడిగితే పోదు. చెయ్యి మార్చబోతే మణికట్టు దగ్గరి పెగ్, అంటే చేతిని మణికట్టుకు కలిపే చిన్న ప్లాస్టిక్ పుల్ల, పుటుక్కున విరిగింది. (పాత పెగ్‌లను ఎప్పుడూ నేరుగా లాగకండి. హెయిర్ డ్రయర్‌తో కాసేపు వెచ్చబరిస్తే ప్లాస్టిక్ మెత్తబడుతుంది, అప్పుడు మెల్లగా తిప్పుతూ తీయాలి.)

అమ్మిన మనిషికి ఫొటోలన్నీ పంపాను. "పాత వస్తువు కదా, అలాగే ఉంటుంది" అన్నారు. మరి తల సంగతేమిటని అడిగితే "మీరే మార్చారేమో" అన్నారు, ఆ తర్వాత జవాబులు ఆగిపోయాయి. డబ్బు నేరుగా ఖాతాకు పంపాను కాబట్టి మధ్యలో అడగడానికి ఎవరూ లేరు. కాస్త ఎక్కువైనా సరే, కొనుగోలుదారుకు రక్షణ ఉన్న పద్ధతిలోనే డబ్బు కట్టండి. "స్నేహితులకు పంపుతున్నట్టు పంపండి, ఛార్జీలు మిగులుతాయి" అని ఎవరైనా అంటే ఆ బేరం అక్కడితో వదిలేయండి.

కొనే ముందు ఇవి అడగండి, మొహమాటపడొద్దు. ఆ రోజు తేదీ రాసిన కాగితం పక్కన పెట్టి బొమ్మ ఫొటో తీయమనండి. ముఖం ఎదురుగా ఒకటి, రెండు పక్కల నుంచి చెరొకటి. కవచం పట్టీలు, బెల్టు రంధ్రాలు, బూటు చీలమండ దగ్గరి మడత, తోలు ముందుగా పగిలేది వంగే చోటే కాబట్టి అక్కడ దగ్గర నుంచి. అంగీ తీసి మెడ, చంకలు. రబ్బరు చర్మం ఉన్న శరీరమైతే మోకాళ్ళు, మోచేతుల వెనక భాగం కూడా, చిరుగులు అక్కడే మొదలవుతాయి. ఎత్తు కొలిచి చెప్పమనండి: 170 సెంటీమీటర్ల మనిషి ఈ స్కేల్‌లో సుమారు 28 సెంటీమీటర్లు వస్తుంది. విడి చేతులు, కత్తి, డాలు, స్టాండ్, అదనపు పెగ్‌లు అన్నీ లెక్కపెట్టి ఒకే ఫొటోలో చూపమనండి. "తెరిస్తే విలువ పోతుంది" అంటే, విలువ పోకుండా మీరే ఉంచుకోండని చెప్పి వచ్చేయండి.

పార్సిల్ అందిన రోజే తెరవండి. బయటి అట్టపెట్టె మీది చిరునామా కాగితం నుంచి బొమ్మ చేతిలోకి వచ్చేదాకా ఎక్కడా ఆపకుండా వీడియో తీయండి. నా దగ్గర అది లేకపోవడం వల్లే "తల మీరే మార్చారేమో" అన్న మాట కూడా పడాల్సి వచ్చింది.

ఇదంతా ఈరోజే రాయడానికి కారణం ఉంది. నిన్న రాత్రి అదే ఫిగర్‌కు కొత్త ప్రకటన చూశాను, వేరే ఖాతా పేరుతో. "సీల్ తీయలేదు, మింట్." పెట్టె కుడి కింది మూల నొక్కుకుపోయి ఉంది, మూత మీద చంద్రవంక ఆకారంలో గీత ఉంది. ఆ మూల, ఆ గీత ఉన్న పెట్టె ఇప్పుడు నా బీరువా మీద ఉంది. ఆ ఫొటో మీకు కనపడితే డబ్బు పంపకండి.