మెనోపాజ్‌లో హార్మోన్లు: మాత్రా, ప్యాచా, అసలు వద్దా?

"హార్మోన్లు వాడితే క్యాన్సర్ వస్తుందటగా?" అర్ధరాత్రి ఒళ్లంతా చెమటలు పట్టి లేచి కూర్చునే ఆడవాళ్లు కూడా ఈ భయంతోనే మందు జోలికి పోరు.

ఈ భయం చాలావరకు 2002 నాటిది. ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే అమెరికా పరిశోధనలో ఒక భాగాన్ని ఆ ఏడాది మధ్యలోనే ఆపేశారు. ఈస్ట్రోజన్ (ముట్లు ఆగాక తగ్గిపోయే ఆడ హార్మోన్), ప్రొజెస్టిన్ (ప్రొజెస్టరాన్ హార్మోన్ లాంటి మందు) కలిపిన మాత్ర వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ ఏడాదికి 10,000 మందిలో 38 మందికి వచ్చింది, డమ్మీ మాత్ర వాడినవాళ్లలో 30 మందికి. గుండెపోటు, పక్షవాతం కూడా కొంచెం పెరిగాయి, తుంటి ఎముక విరగడం తగ్గింది. జనం చెవిన పడింది మాత్రం "26 శాతం పెరిగింది" అన్న ముక్క ఒక్కటే. లెక్క అదే, కానీ వింటే గుండె జారుతుంది! పైగా అందులో చేరినవాళ్ల సగటు వయసు 63. ముట్లు ఆగి ఏడాదో రెండేళ్లో అయిన మనిషికి ఆ లెక్క యథాతథంగా సరిపోదు.

60 ఏళ్లలోపు, లేదా ముట్లు ఆగిన పదేళ్లలోపు మొదలుపెడితే చాలామందికి లాభమే ఎక్కువ. వేడి ఆవిర్లకు ఇంతకన్నా బాగా పనిచేసే మందు లేదు, ఎముకలకూ బలం. అరవై దాటాక కొత్తగా మొదలుపెట్టడం నాకైతే మంచి బేరంగా కనిపించదు.

ఇక మాత్రా, ప్యాచా? నా ఓటు ప్యాచ్‌కే. మింగిన ఈస్ట్రోజన్ ముందు కాలేయానికి చేరి, రక్తం గడ్డకట్టించే పదార్థాలను పెంచుతుంది. చర్మం మీద అంటించే ప్యాచ్, రాసుకునే జెల్ నేరుగా రక్తంలో కలుస్తాయి కాబట్టి మామూలు మోతాదులో ఆ బెడద పెరిగినట్టు కనిపించలేదు. బరువు ఎక్కువున్నవాళ్లకు ఈ తేడా ముఖ్యం. మాత్ర చవక, వేసుకోవడం తేలిక, అంతే.

గర్భసంచి ఉంటే ప్రొజెస్టరాన్ కూడా వాడాల్సిందే. ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే లోపలి పొర మందమై క్యాన్సర్‌కు దారితీయవచ్చు. గర్భసంచి తీయించుకున్నవాళ్లకు ఆ గొడవ లేదు. అదే పరిశోధనలో ఈస్ట్రోజన్ ఒక్కటే వాడిన వాళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు సరికదా, తగ్గింది. పక్షవాతం మాత్రం పెరిగింది.

బాధల్లా యోనిలో పొడిబారడం, మంట మాత్రమే అయితే ఇంత ఆలోచన అక్కర్లేదు. లోపల రాసుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజన్ క్రీమ్ చాలు, అది రక్తంలోకి చేరేది బహు స్వల్పం.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, పక్షవాతమో కాలిలో రక్తపు గడ్డో చూసినవాళ్లు సాధారణంగా హార్మోన్లు లేని దారే పట్టాలి. డిప్రెషన్‌కు వాడే వెన్లాఫాక్సిన్, మూర్ఛకు వాడే గబాపెంటిన్ ఆవిర్లను తగ్గిస్తాయి, కానీ హార్మోనంత కాదు. 2023లో అమెరికాలో అనుమతి పొందిన ఫెజోలినెటాంట్ అనే మాత్ర మెదడులో వేడిని అదుపుచేసే చోటే పనిచేస్తుంది, కాకపోతే కాలేయ పరీక్షలు తప్పవు. ఇవేవీ ఎముకలను కాపాడవు. రొమ్ము క్యాన్సర్ మందు టమాక్సిఫెన్ వాడుతుంటే, ఆవిర్లకు ఇచ్చే మరో డిప్రెషన్ మందు పారోక్సెటిన్ వద్దు, అది టమాక్సిఫెన్ పనిని దెబ్బతీస్తుంది.

ఏది వాడినా ఏడాదికోసారి డాక్టరుతో లెక్క సరిచూసుకోవాలి, ఎందుకంటే కలిపి వాడే హార్మోన్లతో రొమ్ము క్యాన్సర్ ముప్పు ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది. ముట్లు ఆగాక రక్తం కనిపించి ఉంటే, దాని సంగతి తేల్చుకున్నాకే ప్యాచ్ మాట.