బోన్సాయ్ తోటల యాత్ర: కొత్తది కట్టబోయేవాళ్లు ఎక్కడ ఏం చూడాలి

బొటానికల్ గార్డెన్‌లో బోన్సాయ్ (కుండీలో చిన్నగా పెంచే చెట్ల) తోట పెట్టాలనుకునేవాళ్లు నమూనాల కోసం తిరిగేటప్పుడు పేరున్న చెట్ల ముందే పూట గడిపేస్తారు. ప్రదర్శనలో లేని చెట్లు ఎక్కడున్నాయి, నీళ్లు ఎవరు పోస్తున్నారు, చలికాలం ఎలా గడుస్తోంది అన్నవే అడిగి తెలుసుకోవలసిన సంగతులు.

మొదట జపాన్‌లోని సైతమా. ఓమియా బోన్సాయ్ ఆర్ట్ మ్యూజియం 2010లో తెరిచారు. తోరో స్టేషన్ నుంచి ఐదు నిమిషాల నడక. బస ఓమియా స్టేషన్ దగ్గర చూసుకుంటే రాకపోకలు తేలిక. గురువారం మాత్రం వెళ్లకండి. మ్యూజియానికి అది సెలవు, పక్కనే 1925లో వెలసిన బోన్సాయ్ గ్రామంలోని నర్సరీలు కూడా చాలావరకు ఆ రోజే మూస్తారు. ఫొటోలు అనుమతి ఉన్న చోటే తీయాలి కాబట్టి నోటుపుస్తకం దగ్గరుంచుకోండి. లోపలి గ్యాలరీలో చెట్లు తరచూ మారుతుంటాయి. గది వెలుతురు చెట్టుకు చాలదు, ఎక్కువ రోజులు ఉంచితే కొమ్మలు బలహీనంగా సాగుతాయి. చూపడంలో మెళకువ నేర్చుకోవడానికి ఇంతకు మించిన చోటు లేదు.

వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్బోరేటం (చెట్ల తోట) బోన్సాయ్ సేకరణకు మూలం 1976లో జపాన్ బహూకరించిన 53 చెట్లు. 1625 నుంచి కుండీలో పెరుగుతూ, హిరోషిమా బాంబును తట్టుకున్న యమాకి పైన్ అందులోదే. ప్రవేశం ఉచితం. మెట్రో స్టేషన్ ఆనుకుని లేదు, బస్సో టాక్సీయో తప్పదు. ఈ చెట్లు ప్రదర్శనకు రాకముందు నెలల తరబడి క్వారంటైన్‌లో, అంటే తెగుళ్లు, పురుగులు లేవని తేలేదాకా విడిగా ఉన్నాయి. విదేశీ చెట్ల మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ఆ గడువును ప్రారంభోత్సవ తేదీలో కలుపుకోవాలి.

కొత్తగా కట్టేవాళ్లకు అన్నిటికన్నా పనికొచ్చేది ఆష్‌విల్‌లోని నార్త్ కరోలినా ఆర్బోరేటం. 2005లో తెరిచిన ఈ బోన్సాయ్ తోటలో చుట్టుపక్కల కొండల చెట్లకు పెద్దపీట వేశారు. స్థానిక జాతులు అక్కడి ఎండావానలకు అలవాటుపడినవి, పోయినా మళ్లీ తెచ్చుకోవచ్చు. కారు లేకుండా వెళ్లడం కష్టం. చలికాలంలో చెట్లను లోపలికి తీసేస్తారు, యాత్ర వేసవిలోనే పెట్టుకోండి. సియాటిల్ దగ్గర ఫెడరల్ వేలోని పసిఫిక్ బోన్సాయ్ మ్యూజియంలో చెట్లు ఆరుబయటే కనిపిస్తాయి. విమానాశ్రయం దగ్గర బస చాలు. 2020 ఫిబ్రవరిలో అక్కడ రెండు చెట్లు దొంగతనానికి గురై, కొద్ది రోజులకే తిరిగొచ్చాయి. కుండీని బల్లకు తీగతో కట్టి బోల్టు బిగించడం ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక కట్టడం. బల్ల ఎత్తు 90 నుంచి 110 సెంటీమీటర్లు పెట్టి, కాండం మధ్యభాగం కంటికి ఎదురుగా వచ్చేలా చూడండి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకోసం కొన్ని 75 దగ్గర ఉండాలి. వెనక గోడ లేత బూడిద రంగులో, నగిషీ లేకుండా ఉంటే కొమ్మల గీత స్పష్టంగా కనిపిస్తుంది. తెల్లటి గోడ దక్షిణానికో పడమరకో తిరిగి ఉంటే ఎండను తిప్పికొట్టి ఆకుల అంచులు మాడుస్తుంది. 30–40 శాతం నీడవల అక్కడ తప్పనిసరి. ప్రదర్శనలో 20 చెట్లుంటే వెనక కనీసం 40 ఉండాలి. కత్తిరించినవి, కుండీ మార్చినవి నెలల తరబడి జనానికి చూపే స్థితిలో ఉండవు.

ఎక్కువ చెట్లు పోయేది నీళ్ల దగ్గరే. స్ప్రింక్లర్ ఆకుల్ని తడిపి మట్టిని పొడిగా వదిలేస్తుంది. మనిషి చేత్తో, రెండు దఫాలుగా, కుండీ అడుగు రంధ్రాల నుంచి కారేదాకా పోయాలి. నడి వేసవిలో చిన్న కుండీలకు రోజుకు రెండుమూడుసార్లు కావాలి. అందుకే సెలవు రోజుల్లో పోసే మనిషి పేరు ముందే రాసిపెట్టాలి. వాలంటీర్లు పదిమంది ఉండి బాధ్యత ఎవరిదో తెలియకపోతే ఆదివారం మధ్యాహ్నానికే చెట్టు ఎండుతుంది. నీటిలో సున్నం ఎక్కువైతే కాండం మీద తెల్లటి పొర కడుతుంది, ఇనుము అందక లేత ఆకులు పసుపెక్కుతాయి. వాననీటి తొట్టి గానీ ఆర్‌ఓ యంత్రం గానీ మొదటి ఖర్చులోనే వేసుకోండి.

మంచు పడే చోట్ల కొమ్మలు ఓర్చే చలిని వేళ్లు ఓర్చలేవు, కుండీలో వాటిని కాపాడే నేల ఉండదు. 1 నుంచి 5 డిగ్రీల మధ్య నిలిచే చల్లటి గది కావాలి. అది వేడెక్కితే మొగ్గలు తొందరపడి విచ్చుకుంటాయి, బయట ఇంకా మంచుంటే ఆ చెట్టును ఎక్కడా పెట్టలేరు.