నూనె స్ప్రే సీసా: టమాటాకి భేష్, గానుగ నూనెకి మాత్రం వద్దు

ఈ సీసా మీద నాకున్న కోపమంతా దాని నాజిల్ మీదే. గాజు మందంగా ఉంది, మూత కారదు, మీట కూడా గట్టిదే. ఏడాది దాటి వాడాక నేను చెప్పాల్సింది ఒక్కటే: గానుగ వేరుశనగ నూనె పోస్తే ఇది మొరాయిస్తుంది.

రిఫైండ్ పొద్దుతిరుగుడు నూనె పోసినన్నాళ్లూ బ్రహ్మాండంగా పనిచేసింది. దీన్ని ఎక్కువగా వాడింది టమాటాకే. మామయ్యగారికి కొలెస్ట్రాల్ ఎక్కువని తేలాక మా ఇంట్లో టమాటా బజ్జీ ఆగిపోయింది. పిండీ మూకుడూ పోయినా, లోపల పెట్టే మసాలాని మాత్రం వదులుకోలేదు. గట్టి బెంగళూరు టమాటాల్ని అరంగుళం మందాన చక్రాలుగా కోసి, ఉప్పు చల్లి, ఊరిన నీళ్లు వంచేస్తాను. కాలిన పెనం మీద స్ప్రే రెండుసార్లు నొక్కి, చక్రాలు పేర్చి, పెద్ద మంట మీద ఒకవైపే కాలుస్తాను. తిప్పామా, ముద్దే. పైన ఉల్లిపాయ తరుగు, కొత్తిమీర, వేయించి దంచిన పల్లీలు, కారం, జీలకర్ర పొడి, నిమ్మరసం. నాటు టమాటాతో మాత్రం చేయకండి, పెనం మీదే పులుసైపోతుంది.

నూనె పూర్తిగా మానేయాలని నేననను. టమాటాకి ఎరుపునిచ్చే లైకోపీన్ అనే పదార్థం ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు తగలాలి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాల్లో 2000 కిలోకేలరీల భోజనంలో రోజుకి 27 గ్రాముల నూనె, కొవ్వు చూపించింది. బజ్జీలు వేసిన రోజు ఆ లెక్క మా ఇంట్లో సాయంత్రానికే చెల్లిపోయేది.

అంతా బాగుందనుకుంటుండగా గానుగ నూనెకి మారాం. వాసన అద్భుతం. కానీ అడుగున సన్నటి మడ్డి ఉంటుంది, గుడ్డలో వడకట్టినా పూర్తిగా పోదు. పైగా నాజిల్ మొన దగ్గర మిగిలిన చుక్క గాలికి జిగురులా పట్టేస్తుంది. సంక్రాంతికి మా ఆడపడుచు వాళ్లొచ్చినప్పుడు, అందరూ వంటింట్లోనే ఉండగా మీట నొక్కితే తుంపర రాలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కాను. ఒక్క ధారగా వచ్చి, పెనం దాటి, పొయ్యి మీద పడి భగ్గుమంది. ఎవరికీ ఏమీ కాలేదు. అత్తయ్యగారు మాత్రం, "ఆ దోమల మందు డబ్బా పక్కన పెట్టి చెంచా తీసుకోమ్మా" అన్నారు. ఆ రోజు నుంచి మంట తగ్గించకుండా స్ప్రే ముట్టుకోను.

అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే, "ఆలివ్ ఆయిల్ వాడండి మేడమ్" అన్నారు. దోసెకా! వేడి నీళ్లు, సబ్బు పోసి పదేపదే నొక్కితే కొన్నాళ్లు దారికొస్తుంది, మళ్లీ పూడుకుంటుంది. గొట్టంలో తడి మిగిలితే వేడి పెనం మీద చిటపటలు వేరే. నాజిల్ విప్పే వీలే లేదు.

దీనివల్ల నూనె ఖర్చు సగానికి తగ్గిందని తెలిసినవాళ్లందరికీ చెప్పాను. తగ్గిన మాట నిజమే. కానీ అందులో పెద్ద వాటా మూకుడు దింపేయడానిదే. ఒకసారి చెంచాలోకి కొట్టి చూస్తే, ఎనిమిది నొక్కులకి టీస్పూను దాదాపు నిండింది, అంటే దాదాపు 40 కేలరీలు. పిల్లల దోసెల దగ్గర చెయ్యి రెండు నొక్కులతో ఆగదు. కొంత తుంపర పొయ్యి వెనక టైల్స్ మీద జిడ్డుగా తేలుతుంది కూడా.

ఇంట్లో ఇద్దరు ముగ్గురే ఉండి, రిఫైండ్ నూనె వాడుతూ, పెనం మీద కాల్చేవే ఎక్కువ చేసుకుంటే కొనొచ్చు. తాలింపుకి దీనితో పనే లేదు. మాది ఆరుగురి ఇల్లు, గానుగ నూనె మానేది లేదు. అందుకే ఇప్పుడు ఈ సీసాలో పొద్దుతిరుగుడు నూనె టమాటాల కోసమే ఉంచాను, దోసెలకి సగం కోసిన ఉల్లిపాయని నూనెలో అద్ది రుద్దుతున్నాను. నాజిల్ విడిగా ఊడొచ్చే రకం దొరికితే మాత్రం మళ్లీ ఆలోచిస్తాను.