ఒంగోలు ఊపిరితిత్తుల క్లినిక్‌లో స్పైరోమెట్రీ: అత్తయ్యకు, మా వారికి చేయించాక

ఉబ్బసమో, సీఓపీడీయో (ఊపిరితిత్తుల్లో గాలి గొట్టాలు శాశ్వతంగా ఇరుకయ్యే జబ్బు) తేలకుండానే ఏళ్ల తరబడి మందులు వాడుతున్నవారు ఇంట్లో ఉంటే, వారిని ఊదే పరీక్షకు తీసుకెళ్లమని గట్టిగా చెబుతాను. మా అత్తయ్యకూ, మా వారికీ ఒంగోలులోని ఈ క్లినిక్‌లో ఒకే రోజు స్పైరోమెట్రీ చేయించాం. మనిషికి 800 రూపాయలు, డాక్టర్ ఫీజు వేరు. అంతకుముందు చూపించిన చోట ఇద్దరి ఛాతీ మీదా స్టెతస్కోప్ పెట్టి, పిల్లికూతలు విని, ఇద్దరికీ ఉబ్బసమేనని ఒకే ఇన్‌హేలర్ రాసిచ్చారు. తల్లిది కొడుక్కు వచ్చిందని చుట్టాలందరూ అనేవారు.

ముందు రోజే క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. పరీక్షకు 6 గంటల ముందు నుంచి సాల్బుటమాల్ (గాలి గొట్టాలను త్వరగా తెరిచే మందు) పీల్చవద్దని, ఆయాసం తట్టుకోలేకపోతే మాత్రం వాడి తమకు చెప్పమని, కడుపు నిండా తిని రావద్దని చెప్పారు. ఈమధ్య గుండెపోటు గాని, కంటి ఆపరేషన్ గాని అయ్యిందా అని అడిగారు. గట్టిగా ఊదితే ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఆ ప్రశ్న అవసరమే.

ఈ పరీక్ష నాణ్యత యంత్రం కన్నా చేయించే మనిషి మీదే ఎక్కువ ఆధారపడుతుందని అక్కడ కళ్లారా చూశాను. ముక్కుకు క్లిప్ పెట్టి, గొట్టం చుట్టూ పెదవులు బిగించి, నిండుగా పీల్చిన గాలిని ఒక్క ఊపున వదిలి, ఊపిరితిత్తులు ఖాళీ అయ్యేదాకా ఊదుతూనే ఉండాలి. అత్తయ్య మొదట రెండు సెకన్లకే ఆపేశారు. టెక్నీషియన్ అమ్మాయి విసుక్కోలేదు. "కాసేపు కూర్చోండి అమ్మా, తొందరేమీ లేదు" అని మంచినీళ్లిచ్చింది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు తనే ఊదుతున్నట్టు ముందుకు వంగి "ఇంకా, ఇంకా, ఇంకా కొంచెం" అంటూ చివరిదాకా వెంట ఉంది. మూడు సార్లు సరిగ్గా వచ్చేవరకు వదలలేదు. తర్వాత స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కు తగిలించే ప్లాస్టిక్ డబ్బా) సాల్బుటమాల్ ఇచ్చి, 15 నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ ఊదించింది.

అసలు సంగతి ఆ రెండో విడతలోనే బయటపడింది. మా వారు మొదటి సెకనులో ఊదిన గాలి 2.10 లీటర్ల నుంచి 2.72కు పెరిగింది. అత్తయ్యది 0.92 నుంచి 0.98 దగ్గరే ఆగిపోయింది. 200 మిల్లీలీటర్లకు, 12 శాతానికి మించి పెరిగితే బిగుసుకున్న గాలి గొట్టాలు మందుతో బాగా తెరుచుకుంటున్నట్టు. మందు ఇచ్చాక కూడా మొత్తం ఊదిన గాలిలో మొదటి సెకను వాటా 70 శాతం దాటకపోతే అడ్డంకి అలాగే ఉన్నట్టు. అత్తయ్యకు అది 56 శాతం.

డాక్టర్ అంకెలు చూసి వెంటనే తీర్పు చెప్పలేదు, ఇద్దరి చరిత్రా అడిగారు. మా వారికి చిన్నప్పటి నుంచీ దుమ్ము పడదు. తెల్లవారుజామున దగ్గు, మధ్యలో నెలల తరబడి ఏ ఇబ్బందీ ఉండదు. అది ఉబ్బసం. అత్తయ్య జీవితంలో బీడీ ముట్టలేదు. కానీ కందుకూరు వైపు పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర మామయ్యతో పాటు పొయ్యిలో కర్రలు ఎగదోశారు, ఇంట్లోనూ కట్టెల పొయ్యే. యాభై దాటాక మొదలైన ఆయాసం ఏటేటా పెరిగిందే గాని తగ్గలేదు, పొద్దున్నే కఫం. అది సీఓపీడీ. పొగ తాగనివారికి ఈ జబ్బు రాదనుకునేవాళ్లందరికీ అత్తయ్య రిపోర్టు చూపించాలని ఉంది. ఊరి ఆడవాళ్ల ఊపిరితిత్తుల గురించి ఎవరూ అడగకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

మందులు కూడా వేరయ్యాయి. మా వారికి స్టెరాయిడ్ కలిసిన ఇన్‌హేలర్ రోజూ తప్పనిసరి, పీల్చాక నోరు పుక్కిలించాలి. ఉబ్బసంలో గొట్టాల వాపును తగ్గించేది అదే. అత్తయ్యకు గొట్టాలను రోజంతా తెరిచి ఉంచే టయోట్రోపియం ఇచ్చారు. రక్తంలో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) తక్కువగా ఉన్నందున స్టెరాయిడ్ ఆపారు. సీఓపీడీలో అది అనవసరంగా వాడితే న్యుమోనియా ముప్పు పెరుగుతుందట. ఫ్లూ, న్యుమోకోకల్ టీకాలు వేయించమన్నారు. కొందరిలో రెండు జబ్బులూ కలిసి ఉంటాయనీ, బాగున్న రోజున ఊదితే ఉబ్బసం ఉన్నవారికి కూడా పరీక్ష మామూలుగా రావచ్చనీ డాక్టరే చెప్పారు. ఒక్క కాగితంతో అంతా తేలిపోతుందని నమ్మించకపోవడం నాకు నచ్చింది.

నచ్చనిది ఒక్కటే. ఆయాసం ఉన్నవాళ్లు వచ్చే క్లినిక్ రెండో అంతస్తులో ఉంది, మేము వెళ్లిన రోజు లిఫ్టు పనిచేయలేదు. అత్తయ్య ప్రతి మలుపులోనూ కూర్చుని ఎక్కారు. ఈ విషయం రిసెప్షన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి వచ్చాను. పెద్దవాళ్లను తీసుకెళ్లేవారు బయలుదేరే ముందే లిఫ్టు గురించి ఫోన్ చేసి కనుక్కోండి. పాత మందుల చీటీలు, ఇప్పుడు వాడుతున్న ఇన్‌హేలర్లు కూడా పట్టుకెళ్లండి. ఎలా పీలుస్తున్నారో అక్కడే చేయించి చూసి సరిదిద్దుతారు.