పాత టేకు మంచమా, షోరూము సెట్టా: ఏది మేలు?

శ్రావణం దగ్గర పడుతోందంటే చుట్టాల నుంచి నాకు ఒకే ప్రశ్న వస్తుంది. "అమ్మాయికి సారె పెట్టాలి. మంచం, బీరువా టేకుతో చేయించమంటావా, షోరూములో సెట్టు కొనేయమంటావా?" ఈ మధ్య దానికి ఇంకొకటి తోడైంది. "ఇంట్లో పాత మంచం కిర్రుమంటోంది. బాగు చేయిస్తే ఇంకెంతకాలం వస్తుంది? తీసేసి కొత్తది కొంటే ఎంతకాలం వస్తుంది?" నేను వడ్రంగిని కాను, కలప వ్యాపారినీ కాను. ఇరవై ఏళ్ళలో ఏడు అద్దె ఇళ్ళు మారిన మనిషిని. ఏడుసార్లు సామాను దించుకుని, ఎక్కించుకుని, విరిగినవాటిని లెక్కపెట్టుకున్నవాడి మాటగా ఇది చదవండి.

టేకు తరతరాలు నిలుస్తుందని, షోరూము సెట్లలో వాడే పార్టికల్ బోర్డు నాలుగేళ్ళ ముచ్చటేనని అందరికీ తెలిసిన మాటే. అందులో కొంత నిజం ఉంది గానీ, అసలు కారణం అందులో దొరకదు. కొనేటప్పుడు అందరూ "ఇది ఏం చెక్క?" అని అడుగుతారు. "ఈ చెక్కను ఆ చెక్కతో దేనితో కలిపారు?" అని అడిగినవాళ్ళను నేను చూడలేదు. నా లెక్కలో మంచం ఆయుష్షును తేల్చేది ఆ రెండో ప్రశ్నే.

మా అమ్మ కాపురానికి తెచ్చుకున్న టేకు మంచం సంగతి చెబుతాను. నాలుగు కోళ్ళు, అంటే మంచం కాళ్ళు, వాటిని కలిపే నాలుగు పట్టెలు, తలవైపు ఒక పలక. పట్టె కొసను సన్నగా చెక్కి, కోడుకు తొలిచిన బెజ్జంలోకి దిగగొట్టారు. పొడుగు పట్టెలకు మాత్రం బోల్టులున్నాయి. కలప నిలువునా దాదాపు కుదించుకోదు, అడ్డంగానే కుదించుకుంటుంది. అందుకే వైశాఖం ఎండలకు పట్టె కొస కాస్త సన్నబడి బెజ్జంలో వదులవుతుంది, మంచం కిర్రుమంటుంది. వానాకాలం రాగానే చెమ్మ పీల్చుకుని మళ్ళీ బిగుస్తుంది. ఎండాకాలంలో వదులుగా జారే సొరుగు శ్రావణంలో మొరాయించడానికి కారణం కూడా ఇదే. మంచం కిర్రుమన్నదంటే దాని పని అయిపోయిందని కాదు. ఎక్కడ వదులైందో అది చెబుతోంది.

మూడేళ్ళ క్రితం ఆ మంచాన్ని వడ్రంగికి అప్పగించాను. కీళ్ళన్నీ విప్పి, పాత జిగురు గోకి, వదులైన బెజ్జాల్లో సన్నటి టేకు చీలికలు జిగురు రాసి దిగగొట్టాడు. అరిగిపోయిన రెండు బోల్టులు మార్చి, అడుగున చీకిన పలకల స్థానంలో ప్లైవుడ్ వేశాడు. అయిన ఖర్చు కొత్త టేకు మంచం ధరలో ఐదో వంతు కూడా లేదు. "వచ్చే గురువారం ఇచ్చేస్తాను" అన్న మంచం నాలుగు గురువారాలు దాటాక వచ్చిందన్నది వేరే విషయం. వడ్రంగి గురువారాన్ని పంచాంగంలో వెతక్కూడదు.

ఇక షోరూము సరుకు. పార్టికల్ బోర్డు అంటే చెక్క ముక్కలను, పొట్టును జిగురుతో కలిపి వేడిగా నొక్కిన పలక. ఎమ్‌డీఎఫ్ అనే ఇంకో రకం పలకలో ముక్కల బదులు సన్నటి చెక్క నార ఉంటుంది. నున్నగా ఉంటుంది, రంగు బాగా పడుతుంది, చూపుకు ఏ లోపమూ కనిపించదు. ఆ పలకలను ఒకదానితో ఒకటి కలిపేది స్క్రూలు, తిప్పితే బిగుసుకునే చిన్న గుండ్రటి లాకులు. మొదటిసారి బిగించినప్పుడు బాగానే పట్టుకుంటాయి. ఇల్లు మారేటప్పుడు విప్పి మళ్ళీ బిగిస్తే, స్క్రూ మరలు పట్టుకున్న చోట పొట్టు రాలి రంధ్రం వెడల్పవుతుంది. టేకులో రంధ్రం వదులైతే అందులో పుల్ల కొట్టి మళ్ళీ స్క్రూ దింపవచ్చు. ఇక్కడ ఆ పుల్ల చుట్టూ కూడా పొట్టే ఉంటుంది. నా మొదటి వార్డ్‌రోబు మొదటి మార్పిడికి తట్టుకుంది, రెండోదానికి ఒక పక్కకు ఒరిగింది, మూడో ఇంటికి చేరేసరికి దానికి గోడే ఆసరా అయింది. సామాను తరలించినవాళ్ళను తిట్టుకున్నాను గానీ, నిజానికి తప్పు వాళ్ళది కాదు.

అందుకే ఎవరైనా ఏళ్ళ లెక్క అడిగితే నేను ఇళ్ళ లెక్క అడుగుతాను. పెట్టిన చోటి నుంచి కదలని ఇంట్లో, పొడి గదిలో, పార్టికల్ బోర్డు అల్మరా పదేళ్ళు కూడా మర్యాదగా ఉండగలదు. ప్రతి పదకొండు నెలలకు ఒప్పందం మారే అద్దె బతుకులో అది రెండు ఇళ్ళ వస్తువు.

రెండో సంగతి నీళ్ళు. మనం రోజూ తడిగుడ్డతో ఇల్లు తుడుస్తాం. కాళ్ళు లేకుండా నేరుగా నేల మీద కూర్చునే డబ్బా మంచాలకు, టీవీ స్టాండ్లకు ఆ తడిగుడ్డే యముడు. పలక అంచుకు అతికించిన పట్టీ ఎక్కడ కొంచెం లేచినా అక్కడి నుంచి చెమ్మ లోపలికి పాకుతుంది. పలక ఉబ్బుతుంది. ఎండబెట్టినా ఉబ్బు పూర్తిగా తగ్గదు, తగ్గినంత మేర పొట్టుగా రాలుతుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఇది మరీ తొందరగా జరుగుతుంది. కాళ్ళున్న పాత మంచం కిందికి చీపురూ వెళుతుంది, గాలీ వెళుతుంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మా పిన్ని వాళ్ళ ఇంట్లో నడుములోతు నీళ్ళు రోజుల తరబడి నిలిచాయి. నీళ్ళు తీశాక సాయానికి వెళ్ళాను. పిల్లల చదువుకునే బల్ల, టీవీ స్టాండు, వార్డ్‌రోబు అడుగుభాగం టీలో ముంచిన రస్కులా ఉన్నాయి. చేత్తో ఎత్తబోతే ముక్క చేతిలోకి వచ్చింది. ఉక్కు బీరువా నిలబడే ఉంది గానీ లోపలి పత్రాలు ముద్దయ్యాయి. కడిగి రంగు వేయించినా ఉగాదికల్లా అడుగున తుప్పు పట్టింది. టేకు మంచాన్ని కడిగి, నీడన ఆరబెట్టాం. అంత తడిసిన చెక్కను గబగబా ఎండలో పెడితే పగుళ్ళు వస్తాయి. పాలిష్ తెల్లబారింది, ఒక పట్టె కాస్త వంగింది. నెలన్నర తర్వాత పిన్ని దాని మీదే పడుకుంది. ఒక్క వరదను చూసి అందరినీ టేకు కొనమనడం న్యాయం కాదని తెలుసు. కానీ ఆ ఇంటి ముందు చెత్త ట్రాక్టరులోకి ఏ సామాను ఎక్కిందో, ఏది ఎక్కలేదో చూశాక నేను మధ్యస్థంగా మాట్లాడటం కష్టం.

అయినా టేకు వైపు లోపాలు చెప్పకపోతే మాట చెల్లదు. ధర సరే, బరువు సరే, అసలు చిక్కు 'టేకు' అన్న పేరు. చెట్టు నడిమి భాగం చేవ. తేనె రంగు నుంచి ముదురు గోధుమ రంగు వరకు ఉంటుంది, దానిలోని సహజ నూనెల వల్ల చెదలు దాని జోలికి అంత సులువుగా రావు. చుట్టూ ఉండే తెల్లచెక్కకు ఆ గుణం లేదు. తోటల్లో పెంచి చిన్న వయసులోనే కొట్టిన చెట్టులో చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. దానికి ముదురు పాలిష్ పూస్తే పెళ్ళివారికి తేడా తెలియదు. రెండేళ్ళకు మంచం కింద సన్నటి పిండి రాలితే తెలుస్తుంది. 'బర్మా టేకు' అనే మాటను కూడా కాస్త ఆచితూచి నమ్మండి. మయన్మార్ ముడి దుంగల ఎగుమతిని 2014 ఏప్రిల్‌లోనే ఆపేసింది. ఇప్పుడు మన అడితీలకు వచ్చే విదేశీ టేకులో ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల తోటలది చాలా ఉంది. అదంతా చెడ్డదని కాదు, బర్మా ధర పెట్టవద్దనే నా మాట. చూడాల్సింది పాలిష్ లేని చోట: పట్టె అడుగున, సొరుగు వెనుక, కోడు కింద. అక్కడ చేవ రంగు కనపడాలి, తోలు వాసనను తలపించే నూనె వాసన రావాలి.

నన్నడిగితే కొత్త టేకు కన్నా పాత టేకు మేలు. కూల్చిన ఇళ్ళ దూలాలు, ద్వారబంధాలు అమ్మే దుకాణాలు చాలా పట్టణాల్లో ఉన్నాయి. దశాబ్దాలుగా ఆరి, వంగాల్సినంత వంగిపోయిన కలప అది. మేకుల రంధ్రాలుంటాయి, రంపం పళ్ళు విరుగుతాయని వడ్రంగి సణుగుతాడు. సణగనివ్వండి.

షోరూము వైపు న్యాయం కూడా ఉంది. ఈ రోజు చూసి, రేపు ఇంటికి తెచ్చుకోవచ్చు. మంచం కింద సొరుగులు చిన్న ఫ్లాటులో నిజంగా అక్కరకొస్తాయి. ఉద్యోగం ఎక్కడ స్థిరపడుతుందో తెలియని పాతికేళ్ళ కుర్రవాడికి రెండు మనుషుల బరువున్న మంచం కట్టబెట్టడం శిక్ష. వాళ్ళకు తేలికైనది, వదిలేసి వెళ్ళినా బాధ లేనిది చాలు. పిల్లల బల్లకూ అంతే, వాళ్ళు ఎదుగుతారు, బల్ల ఎదగదు.

అల్మరాకు వచ్చేసరికి నా తీర్పు మారుతుంది. సొంత ఇంట్లో గోడకు బిగించేదైతే టేకు వృథా, ప్లైవుడ్ చాలు. పలక మీద భారత ప్రమాణాల (ఐఎస్) ముద్ర చూడండి. ఐఎస్ 303 మామూలు వాడకానిది. అందులోనే 'ఎమ్‌ఆర్' (చెమ్మను తట్టుకునేది) అని ఉంటే ఓ మోస్తరు చెమ్మకు ఆగుతుంది, 'బీడబ్ల్యూఆర్' (మరిగే నీటిని తట్టుకునేది) అని ఉంటే ఇంకా మెరుగు. ఐఎస్ 710 నీళ్ళకు బాగా తట్టుకునే మెరైన్ రకం, వంటింటి సింకు కింద అదే పెట్టించండి. అద్దె ఇల్లయితే ఉక్కు బీరువా. గోద్రెజ్ 1923లో ఉక్కు బీరువాలు మొదలుపెట్టిన నాటి నుంచి మన పెళ్ళిళ్ళలో అది తిష్ఠ వేసిందంటే ఊరికే కాదు. విప్పే పని లేదు, బిగించే పని లేదు. రేకు గేజి అంకె తగ్గే కొద్దీ మందం పెరుగుతుందని మాత్రం గుర్తుంచుకోండి. పెద్ద అంకె మంచిదనుకుని పలచటి రేకు కొన్నవాళ్ళున్నారు.

ఎప్పుడు తీసేయాలి? మంచం అంచును చేత్తో పట్టుకుని ఊపండి. మొత్తం ఊగితే కీళ్ళు వదులయ్యాయి, టేకైతే వడ్రంగిని పిలవండి, బోర్డు మంచమైతే కొత్తది చూసుకోండి. గోటితో నొక్కితే చెక్క లోపలికి దిగితే అది లోపల డొల్ల, ఏ చెక్కైనా ఆ భాగం మార్చాల్సిందే. కోళ్ళు గట్టిగా ఉండి పట్టె ఒక్కటే పోతే పట్టె మార్చండి, కోళ్ళే పోతే ఆశ వదులుకోండి. బాగుచేతకు కొత్తదాని ధరలో సగం దాటుతుంటే నేనైతే ఆగి ఆలోచిస్తాను, అది నాయనమ్మ మంచమైతే తప్ప.

పరుపుల గురించి రెండు మాటలు. ఫోమ్, కొబ్బరిపీచు పరుపులు ఎనిమిదేళ్ళు దాటితే గుంట పడ్డాయేమో చూడండి. పొద్దున లేవగానే నడుము నొప్పి, వేరే ఇంట్లో పడుకుంటే లేదు అంటే తప్పు పరుపుదే కావచ్చు. దూది పరుపును మాత్రం ఏకించి మళ్ళీ కుట్టించవచ్చు, ఏకేవాళ్ళు దొరికితే. సోఫా పట్టెలు గట్టిగా ఉంటే లోపలి ఫోమ్, గుడ్డ మార్పిస్తే చాలు. ఇనుప గొట్టాల మంచం చవక, చప్పుడు ఎక్కువ. ప్లాస్టిక్ కుర్చీ ఎండలో పెట్టకపోతే చాలా కాలం ఉంటుంది. రంగు వెలిసి కాలి దగ్గర తెల్లటి గీత కనిపించిన రోజు బరువైన చుట్టాన్ని దాని మీద కూర్చోబెట్టవద్దు.

మా అమ్మాయి గదికి మాత్రం తను పట్టుబట్టిన తెల్లటి సొరుగుల మంచమే కొన్నాం. పాపం, నా ఉపన్యాసమంతా ఓపికగా విన్నాకే పట్టుబట్టింది. దాని అడుగున నాలుగు రబ్బరు గుబ్బలు బిగించి నేల నుంచి రెండు అంగుళాలు ఎత్తాను. ఇల్లు తుడిచే ఆమెకు "ఆ గదిలో గుడ్డ బాగా పిండి పెట్టమ్మా" అని ప్రతి వారం గుర్తు చేస్తున్నాను. ఆమె ఇప్పటికి నవ్వడం మానేసింది.